ఒనోరా పొగగొట్టం, పెన్రడ్ దొర అడ్మిరల్‌గిరీ

గానెట్ రేవులో ఒనోరా కీహో నోటికి జడవని మగవాడు లేడు. సముద్రం అవతలి వాటర్‌ఫర్డ్ నుంచి చేపల ఓడలో పనిపిల్లగా వచ్చి, చలికాలానికి ఆ ఓడలో వచ్చినవాళ్ళంతా తిరిగి వెళ్ళిపోతే ఆమె ఒక్కతే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయావని ఎవరైనా అడిగితే, "వస్తూ కక్కింది చాలదా, పోతూ కూడా కక్కాలా?" అనేది. అసలు కారణం రేవులో అప్పటికే ఉండిపోయిన లారెన్స్ అనే కుర్రాడు. ఆ మాట ఒప్పుకోవడం ఆమెకు నామోషీ. ఇద్దరూ పెళ్ళాడి, దుంగలతో ఇల్లు కట్టి, తీరం నుంచి రాళ్ళు మోసుకొచ్చి పొగగొట్టం లేపారు. పొయ్యి బాగా మండిందే గాని కాపురం ఎక్కువకాలం సాగలేదు. రాజుగారి యుద్ధనౌక ఒకటి మంచినీళ్ళ కోసమని రేవులోకి వచ్చి, నీళ్ళతో పాటు లారెన్స్‌ను కూడా పట్టుకుపోయింది. యుద్ధానికి మనుషులు చాలనప్పుడు దొరికినవాణ్ణి దొరికినట్టు ఎత్తుకుపోవడం నౌకాదళంలో దొంగతనం కాదు, రాజసేవ. అతను జ్వరమొచ్చి పోయాడనీ, శవాన్ని సముద్రంలో వదిలేశారనీ తర్వాతి వేసవిలో ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆఫీసర్ల నీలం కోటు కంటపడితే ఒనోరాకు ఒళ్ళు మండేది.

ఈ దీవిలో చలికాలం నిప్పు లేకుండా మనిషి బతకడు. కాబట్టి కప్పు మీద పొగగొట్టం ఉంటే అది కాపురం, లేకపోతే వేసవి పాక. ఈ దీవిలో ఎవరూ కాపురం ఉండకూడదని చట్టం ఉంది. వేసవిలో రావాలి, కాడ్ చేప పట్టాలి, కోసి, ఉప్పేసి, పందిళ్ళ మీద ఎండబెట్టి, చలి మొదలవగానే ఓడెక్కి పోవాలి. ఇక్కడే ఉండిపోయేవాళ్ళు మంచి తీరమంతా ఎక్కడ ఆక్రమిస్తారోనని ఓడల యజమానులు రాయించుకున్న చట్టం అది. దాన్ని అందరూ మర్యాదగా మరిచిపోయారు. కెప్టెన్ అగస్టస్ పెన్రడ్ గవర్నర్‌గా వచ్చేదాకా ఎవరి పొగ వాళ్ళది.

పెన్రడ్ దొర ఎంతటివాడో ఒనోరాకు చెప్పింది జాగో. జాగో ఆ దొర పడవ నడిపే సరంగు, కార్న్‌వాల్ మనిషి. గవర్నర్ ఓడ రేవులో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక వంకతో ఒడ్డుకొచ్చి ఒనోరా పొయ్యి ముందు చేరేవాడు. స్ప్రూస్ చెట్టు చిగుళ్ళతో ఆమె కాసిన బీరు ఒక ముంత లోపలికి పోతే చాలు, దొరవారి పురాణం బయటికొచ్చేది.

ఆ పురాణం ఇది. పెన్రడ్ పన్నెండో ఏట మేనమామ సిఫార్సుతో ఓడెక్కాడు. ఎక్కిన పూటే టోపీలో వాంతి చేసుకుని, కంగారులో అదే టోపీ నెత్తిన పెట్టుకుని పై ఆఫీసరుకు సెల్యూట్ కొట్టాడు. మొదటి యుద్ధంలో పొగమంచు కమ్మితే, ఓడలో ఉన్న ఫిరంగులన్నీ పేల్చి పొద్దంతా ఒక తిమింగలంతో పోరాడాడు. తిమింగలం లొంగలేదు. శత్రునౌకను తరిమేశానని ఇంటికి రాస్తే మేనమామ దాన్ని పత్రికలో వేయించాడు. ఇంకోసారి పటంలో స్పష్టంగా గీసి ఉన్న రాతిగుట్ట మీదికి ఓడను ఎక్కించాడు. విచారణ జరిపి, తప్పు గుట్టదేనని తేల్చారు. ఈ విధంగా ఆయన మెట్టు మెట్టుగా ఎక్కి కెప్టెన్ అయ్యాడు.

కెప్టెన్ దాటితే అడ్మిరల్. ఆ పైమెట్టు ఎక్కడానికి యుద్ధం గెలవనక్కర్లేదు, బుర్ర అసలే అక్కర్లేదు. వరసలో ముందున్న కెప్టెన్లు ఒక్కొక్కరే చావాలి, మనం చావకుండా ఉండాలి. పెన్రడ్‌కు చేతనైన విద్య అదొక్కటే.

"రోజూ పొద్దున్నే గుడ్డు తింటా పేపర్లో చావులు చదివేవాడమ్మా," అనేవాడు జాగో. "ఒక్కోరోజు ముఖం వెలిగిపోయేది. 'ఇంకొకడు తప్పుకున్నాడు, జాగో' అనేవాడు. ఆ రోజు రెండో గుడ్డు కూడా తినేవాడు."

తీరా వరసలో తనే మొదటివాడయ్యేసరికి పైవాళ్ళు ఆయన తలమీదుగా దూకి, వెనకున్నవాణ్ణి అడ్మిరల్ చేశారు. పెన్రడ్ వెళ్ళి గొడవ పెట్టాడు. ఆయన నోరు మూయించడానికి వాళ్ళు పటం పరిచి, చేయి చాచితే అందిన చిట్టచివరి చోట వేలు పెట్టి, ఆ దీవికి గవర్నర్‌గా పొమ్మన్నారు. ఆ వేలు పడింది మా నెత్తిన.

ఆయన వచ్చిన మొదటి రోజు సంగతి ఇప్పటికీ రేవులో చెప్పుకుని నవ్వుతారు. ఓడకు దారి చూపించడానికి ఎక్కిన మా వాణ్ణి ఆయన, ఈ రేవులో పెద్దెవరని అడిగాడు. అడ్మిరల్ గారండి అన్నాడు వాడు. పెన్రడ్‌కు తనకన్నా ముందే ఒక అడ్మిరల్‌ను పంపారా అని గుండెల్లో రాయి పడింది. వెంటనే బంగారు అంచుల నీలం కోటు తొడిగి, జుట్టుకు పౌడరు కొట్టించి, అడ్మిరల్‌కు చెందాల్సిన ఫిరంగి మర్యాదలన్నీ లోటు లేకుండా పేల్పించి, కత్తి వేలాడేసుకుని ఒడ్డుకు దిగాడు.

ఒడ్డున చేపలు కోసే బల్ల దగ్గర పీపా మీద కూర్చుని ఉన్నాడు ఎలియాస్ కూంబ్. డెవన్ నుంచి వచ్చే చేపల ఓడకు అతను నాయకుడు. మోచేతుల దాకా కాడ్ కాలేయం నూనె కారుతోంది.

"అడ్మిరల్ గారెక్కడ?" అన్నాడు పెన్రడ్.

"నేనేనండి. చెయ్యి కలపలేను, ఏమనుకోకండి. నూనె." కూంబ్ నొచ్చుకున్నట్టే చెప్పాడు. "ఆ ఫిరంగులు నాకోసమేనా అండీ? ఎందుకండీ అంత శ్రమ, చేపలు బెదిరిపోయాయి."

"నువ్వు దేనికి అడ్మిరల్‌వి?"

"ఈ రేవుకేనండి. మంచు కరిగాక ముందెవడొచ్చి లంగరేస్తే ఆ ఏడాదికి వాడే అడ్మిరల్. మంచి తీరం ముక్క వాడిది. తగువులొస్తే తీర్చే తలనొప్పీ వాడిదే. మా తాతలనాటి పద్ధతండి."

"ముందొస్తే అడ్మిరల్ అయిపోతారా?"

"మరి మీ దగ్గర ఎలా అవుతారండీ?" అన్నాడు కూంబ్, నిజంగా తెలుసుకుందామనే.

బల్ల దగ్గర చేప కోస్తున్న ఒనోరా పగలబడి నవ్వింది. తల తిప్పి చూసి, నవ్విందెవరో పెన్రడ్ గుర్తు పెట్టుకున్నాడు.

కూంబ్‌ను ఆయన ఏమీ చేయలేడు. ఆ ఓడల యజమానుల్లో సగం మంది పార్లమెంటులో కూర్చునేవాళ్ళే. కోపం మాత్రం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అందరూ మరిచిపోయిన పాత చట్టాన్ని దుమ్ము దులిపి బయటికి తీయించాడు. ఓడలు తిరిగి వెళ్ళేలోగా దీవిలో ఒక్క పొగగొట్టం నిలబడి ఉండకూడదని హుకుం జారీ చేశాడు. నావికులు గడ్డపారలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఒనోరా ఇంటికి జాగో వచ్చాడు. వచ్చినవాడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"నన్ను తిట్టకమ్మా. హుకుం."

"తిట్టడానికి నోరెక్కడిది? చలికాలానికి దాచుకుంటున్నాను. ఇదిగో, రాళ్ళు విసిరి పారెయ్యకు, వరసగా పేర్చు. మళ్ళీ ఎత్తాల్సింది నేనే."

జాగో గోడ పక్కన రాళ్ళు వరసగా పేర్చాడు. పెద్దవి కిందా చిన్నవి పైనా పెట్టాడు. ఆమె గడపలో నిలబడి, కళ్ళలో నీళ్ళు రాకుండా పళ్ళు బిగబట్టి చూసింది. ఆ రాళ్ళలో సగం లారెన్స్ మోసినవి.

"అంత కడుపుమంట ఎందుకంట మీ దొరకి?" అంది కాసేపాగి. "కావాలంటే తనే ముందొచ్చి లంగరెయ్యొచ్చుగా. అడ్మిరలవుతాడు. ఎవరొద్దన్నారు?"

జాగో నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆ మాట ఆయన చెవిన పడకూడదమ్మా. కొంపలంటుకుంటాయి."

"అయితే చెప్పకు."

పడవ ఓడను చేరకముందే జాగో చెప్పేశాడు.

ఆ ఏడు తెరచాపలు కనుమరుగవగానే రేవంతా మళ్ళీ రాళ్ళెత్తింది. ఒనోరా చిటికెనవేలు నలగ్గొట్టుకుంది, పెన్రడ్ ఏడుతరాల్నీ తిట్టింది, మంచు పడేలోగా పొయ్యి వెలిగించింది. అయితే పోయేముందు ఆయన ఇంకో మాట అని పోయాడు. మళ్ళీ వచ్చేసరికి పొగగొట్టం కనిపిస్తే ఈసారి ఇంటికే నిప్పు పెట్టిస్తానన్నాడు. ఆ మాట చలికాలమంతా ఒనోరాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇల్లు పోతే తనకు ఇంకో చోటు లేదు. వాటర్‌ఫర్డ్‌లో ఆమెను గుర్తుపట్టేవాళ్ళెవరూ మిగల్లేదు.

వసంతంలో ఇంకా మంచుగడ్డలు తేలుతుండగానే రేవు మొగలో ఒక ఓడ కనిపించింది. అది చేపల ఓడ కాదు. ముందు తెరచాప కొయ్య విరిగి, పక్కపలకలు గీరుకుపోయి, నీళ్ళు తోడిపోసుకుంటూ కుంటుతూ వచ్చింది పెన్రడ్ దొర యుద్ధనౌక. సముద్రదొంగల బారిన పడకుండా కాపు కాయాల్సిన చేపల ఓడల గుంపును నడిసముద్రంలో వదిలేసి, ఎవరి అనుమతీ లేకుండా, ఆయన మంచును గుద్దుకుంటూ వచ్చేశాడు. కూంబ్ ఓడ దూరంగా చుక్కలా కనిపిస్తోంది. యుద్ధనౌక లంగరు దిగింది.

ఒడ్డున పెద్దమనుషులు గుసగుసలాడారు. ముందు రావడం సరే, వచ్చింది చేపల ఓడ కాదు కదా, చెల్లుతుందా అని. ఒనోరా నీళ్ళ అంచుకు పరిగెత్తి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఒరే జాగో, గాలమెయ్యరా. ఒక్క చేప చాలు."

జాగో వేశాడు. దురాశపోతు చేప ఒకటి దొరికింది. రాజుగారి ఫిరంగుల మధ్య అది ఎగిరెగిరి పడుతుంటే, ఆ ఓడ చేపల ఓడేనని పెద్దమనుషులు ఒప్పుకున్నారు.

పెన్రడ్ బంగారు అంచుల కోటులో దిగాడు. రేవు జనమంతా టోపీలు తీసి వరసలో నిలబడి, "దండాలు, అడ్మిరల్ గారూ" అన్నారు. ఆయన అక్కడే ఆగిపోయాడు. చెవిన పడింది నిజమేనా అన్నట్టు, "ఇంకోసారి అనండి" అన్నాడు. అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట, చేపకంపు కొట్టే జనం నోట విన్నాడు. ఒనోరాకు అప్పుడు నవ్వు రావలసింది, రాలేదు. రానందుకు తన మీద తనకే చిరాకు పుట్టింది.

చిరాకుంటే ఉంది, పని మాత్రం ఆపలేదు. ఆయనను పీపా మీద కూర్చోబెట్టగానే ముందుకొచ్చింది.

"అడ్మిరల్ గారూ, తగువుంది. మీరే తీర్చాలి."

"ఎవరి మీద?"

"గవర్నర్ మీదండి."

జాగో చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"ఈ రేవుకి ఏ అడ్మిరలొచ్చినా మా పొగగొట్టాల జోలికి రాలేదండి. ఈ గవర్నరెవరో వచ్చి పీకించాడు. మళ్ళీ కట్టుకుంటే ఇల్లే తగలేస్తానంటున్నాడు. మీరేమంటారు?"

పెన్రడ్ గొంతు సవరించుకున్నాడు. "గవర్నర్ హుకుం చట్టప్రకారమే..."

"చదువు రానిదాన్ని, ఒక్కటి చెప్పండి. నౌకాదళంలో ఆ గవర్నర్ హోదా ఏంటండీ?"

"కెప్టెన్," అన్నాడు, నోట్లో చేదు పడ్డట్టు.

"కెప్టెన్ మాట అడ్మిరల్ వినాలా, అడ్మిరల్ మాట కెప్టెన్ వినాలా?"

ఆయన ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. ఆమె తనను ఎక్కడికి తోలుకొచ్చిందో ఆయనకు తెలిసిందనే జాగో ఒట్టేసి చెప్పేవాడు. తెలిసినా ఆ పీపా మీదినుంచి దిగడం ఆయన వల్ల కాలేదు. లేచి నిలబడి ఛాతీ విరుచుకున్నాడు.

"ఈ రేవులో పొగగొట్టాలన్నీ నిలబడి ఉండాలి. కెప్టెన్ పెన్రడ్‌కు ఆ సంగతి తెలియజెయ్యండి."

"తెలియజేశానండి," అన్నాడు జాగో.

ఆ వేసవి ఆయన తగువులు తీర్చాడు, తీరం పంచాడు, కూంబ్‌తో సమానంగా చేపల ధరల గురించి వాదించాడు. తీర్పుల్లో సగం తప్పులే. అయినా పాత అడ్మిరళ్ళ తీర్పుల్లా సారాకు అమ్ముడుపోయినవి కావు కాబట్టి జనం సర్దుకున్నారు. చలి మొదలయ్యేసరికి ఇంకో ఓడ వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు, మీ గవర్నర్ పదవి పోయింది, చేపల ఓడల్ని వదిలేసి వచ్చినందుకు విచారణ ఉంది, బయల్దేరండి అన్నాడు. అది చాలదన్నట్టు ఇంకో మాట కూడా చెప్పాడు. మొన్న వసంతంలో లండన్‌లో, పోనీలే ముసలివాడు అని, పింఛనిచ్చి ఉత్తుత్తి అడ్మిరల్ బిరుదు ఒకటి తగిలిద్దామనుకున్నారట. కబురు పెడితే మనిషి ఊళ్ళో లేడు.

పెన్రడ్ కోటు బొత్తాలు సర్దుకున్నాడు. తర్వాత, "ఉత్తుత్తిదా?" అన్నాడు. "నాకెందుకు? నాది అసలుది. అడ్మిరల్ తన రేవు వదిలి రాడని పైవాళ్ళకు చెప్పు."

ఆఫీసరు నవ్వి, చలికి తాళలేక తనే దిగొస్తాడని ఆయనను అక్కడే వదిలేసి యుద్ధనౌకను తీసుకుపోయాడు. దొరను వదిలి రాలేనని జాగో ఆ ఆఫీసరుకు చెప్పాడు. పొయ్యిని వదిలి పోలేనని ఒనోరాకు చెప్పాడు.

ముసలాణ్ణి ఎవరింట్లో ఉంచుకోవాలి? అందరూ ఒనోరా వైపే చూశారు. ఆమె కూంబ్ వైపు చూసింది.

"వచ్చే వసంతానికి ఇంకో అడ్మిరలొస్తాడు గదా. ఈయన మాట అప్పుడు చెల్లుతుందా?"

కూంబ్ నూనె చేత్తోనే తల గోక్కున్నాడు. "మొదటి ఓడ వచ్చేసరికి ఈయన ఇక్కడే ఉంటాడు. ఇక ఈయనకన్నా ముందొచ్చేదెవడు? పోనంతకాలం ఈయనేనమ్మా అడ్మిరల్. మన ఖర్మ."

ఆ విధంగా ఒనోరా కీహో నీలం కోటుకు కూడు పెట్టింది. ఉడికించిన కాడ్ మీద పందికొవ్వు వేసి పెడితే రుచి లేదని ముఖం చిట్లించేవాడు. కట్టెలు తెమ్మంటే కదిలేవాడు కాదు. "అడ్మిరల్ గారూ, కట్టెలు" అంటే లేచి తెచ్చేవాడు. తిమింగలంతో యుద్ధం ప్రతి చలికాలం కొత్తగా చెప్పేవాడు. చెప్పిన కొద్దీ తిమింగలానికి ఫిరంగులు మొలిచాయి. ఒకరోజు ఒనోరా లారెన్స్ సంగతి చెప్పింది. ఆయన పొయ్యిలోకి చూస్తూ విన్నాడు.

"నేనూ అలా చాలామందిని ఎక్కించాను," అన్నాడు చివరికి. "పేర్లు గుర్తులేవు."

ఒనోరా ఆయన చేతిలో గిన్నె లాక్కుని బయట మంచులో పారబోసింది. ఆ రోజంతా ఆయనకు తిండి లేదు, ఆమె నోట అడ్మిరల్ అన్న మాట లేదు. మర్నాడు ఆయన పిలవకుండానే కట్టెలు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

కొత్త గవర్నర్లు వచ్చి హుకుములు చదివారు. గడపలో బంగారు అంచుల కోటు తొడుక్కుని ముసలాడు నిలబడితే, పాత కెప్టెన్ నెత్తి మీద కప్పు పీకించే ధైర్యం లేక వెనక్కి పోయారు. అలా కొన్నేళ్ళు గడిచాక ఒక చలికాలంలో దగ్గొచ్చి, జాగో పట్టుకుని ఉండగా ఆయన పోయాడు. నేల గడ్డకట్టి ఉంటే కొండ మీద నిప్పులు పరిచి, కరిగించి, తవ్వి పూడ్చారు. లారెన్స్‌కు దొరకని ఆరడుగుల నేల ఈయనకు దొరికిందని ఒనోరా అక్కడే పైకి అనేసింది. అన్నందుకు సిగ్గుపడలేదు.

వేసవిలో వచ్చిన గవర్నర్ కుర్రవాడు. ముసలాడు పోయాడని తెలిసి, గడ్డపారలతో మనుషుల్ని వెంటేసుకుని సరాసరి ఒనోరా గడపకే వచ్చాడు.

"ఈ పొగగొట్టం ఎవరి అనుమతితో ఉంది?"

"అడ్మిరల్ అనుమతితోనండి."

"ఆయన చచ్చిపోయాడుగా."

"చచ్చిపోయాడండి," అంది ఒనోరా. "వెళ్ళిపోలేదు."

చెయ్యి ఎత్తి కొండ చూపించింది. "అడుగో, రేవులోనే ఉన్నాడు. ఆయనకన్నా ముందొచ్చినవాడెవడన్నా ఉంటే వాణ్ణి తీసుకురండి, నేనే పీకేస్తాను."

కుర్ర గవర్నర్ కూంబ్ వైపు తిరిగాడు. కూంబ్ టోపీ తీసి, పద్ధతి ప్రకారం అంతేనండి అన్నాడు. వెనకున్న జనమంతా టోపీలు తీసి కొండ వైపు తిరిగారు. అందరూ తీసేసరికి గవర్నర్ చెయ్యి కూడా దానంతటదే టోపీ మీదికి వెళ్ళింది. అది తీశాక ఇక గడ్డపారలతో చేసేదేమీ లేకపోయింది.

వాళ్ళు దిబ్బ దిగి వెళ్ళిపోయాక ఒనోరా లోపలికొచ్చి పొయ్యి ముందు కూలబడింది. మొగుణ్ణి ఎత్తుకుపోయిన నీలం కోటునే ఇప్పుడు ఇంటికి కాపలా పెట్టుకుంది. నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపు ముంచుకొచ్చింది. జాగో చూడకుండా తలుపేసుకుని, లారెన్స్ పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.